వెన్ను పట్టివేతకు మసాజ్ గన్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే నాకు, రెండేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి కుడి భుజం రెక్కకూ వెన్నెముకకూ మధ్య కండరాలు బిగుసుకుపోవడం, పొద్దున లేవగానే నడుము పట్టేసినట్టుండటం మామూలైపోయింది. ఫిజియోథెరపిస్టు పరీక్షించి, ఇందులో డిస్కుకు గానీ నరానికి గానీ సంబంధించిన సమస్య లేదని, ఇది కండరాల బిగువేనని చెప్పి వ్యాయామాలు రాసిచ్చిన తర్వాతే నేను మసాజ్ గన్, అంటే కండరాల మీద వేగంగా చిన్న చిన్న దెబ్బలు వేసే చేతి యంత్రం, కొన్నాను. ఈ వరుస తప్పకూడదని నా గట్టి అభిప్రాయం. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా, కాలిలో పట్టు తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, నడుము నొప్పితో పాటు జ్వరం వస్తున్నా అది ఈ పరికరంతో తీరే విషయం కాదు. ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

నా దగ్గరున్నది తుపాకి ఆకారంలో, నిటారు పిడితో ఉండే రకం. బరువు కిలోకు కొంచెం తక్కువ. నిమిషానికి 1200 నుంచి 3200 దెబ్బల దాకా ఐదు వేగాలున్నాయి. కొనేవారు ఎక్కువగా ఈ వేగాలనే చూస్తారు గానీ, వెన్ను విషయంలో అంతకన్నా ముందు చూడవలసింది యంత్రం తల, అంటే కండరానికి తగిలే చివరి భాగం, ముందుకూ వెనక్కూ కదిలే దూరాన్ని. నా యంత్రంలో అది 12 మిల్లీమీటర్లు. ఈ దూరం మరీ తక్కువగా ఉండే చిన్న యంత్రాలు చర్మం మీద వణుకు పుట్టించినంతగా లోపలి కండరాన్ని కదిలించలేవు. నడుముకు రెండు పక్కలా నిలువుగా సాగే కండరాలు మందమైనవి కనుక ఈ తేడా అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. రెండో సంగతి, అదిమినప్పుడు మోటారు ఆగిపోకుండా ఉండగలగడం. నాది ఒక మోస్తరు ఒత్తిడికి తట్టుకుంటుంది, గట్టిగా అదిమితే ఆగిపోతుంది. మొదట్లో దాన్ని లోపమనుకున్నాను గానీ, అంత గట్టిగా అదమవలసిన అవసరమే లేదని తర్వాత అర్థమైంది.

ఇది పనిచేస్తుందా అంటే, నా అనుభవంలో చేస్తుంది, అయితే కొద్దిసేపే. కండరంలోని ముడులను పగలగొడుతుందని ప్రకటనల్లో చెప్పే మాటను నేను నమ్మను. స్పర్శ, ఒత్తిడి మోసుకెళ్ళే సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతమే నాకు కలిగే ఉపశమనానికి ఎక్కువ సరిపోతుందనిపిస్తుంది. దెబ్బ తగిలిన చోట మనకు తెలియకుండానే చేత్తో రుద్దుకోవడం కూడా ఇటువంటిదే. ఇక 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పిక్క కండరానికి ఐదు నిమిషాలు ఇలాంటి మసాజ్ చేస్తే చీలమండ వంగే పరిధి సుమారు 5 డిగ్రీలు పెరిగిందని, కండర బలంలో మార్పు లేదని తేలింది. అది వెన్ను మీద చేసినది కాదు, వెంటనే కొలిచిన ఫలితమే తప్ప నెలల తరబడి చూసినదీ కాదు. అయినా నేను గమనించినదానితో అది కలుస్తుంది. యంత్రం ఆపిన తర్వాత గంట, గంటన్నర సేపు వెన్ను తేలికగా వంగుతుంది, పక్కలకు సులువుగా తిరుగుతుంది, ఆ తర్వాత బిగువు మెల్లగా తిరిగి వస్తుంది. మొదటి రెండు నెలలు ఆ గంటను నేను మళ్ళీ కుర్చీలోనే గడిపాను, అందువల్ల మరునాటికి ఏ మార్పూ కనిపించలేదు. మూడో నెల నుంచి ఆ సమయంలోనే ఫిజియోథెరపిస్టు రాసిచ్చిన వ్యాయామాలు చేయడం మొదలుపెట్టాను. అంతకు ముందు నొప్పికి భయపడి సగంలో మానేసినవాటిని పూర్తిగా చేయగలిగాను. పొద్దుటి పట్టివేత తగ్గింది ఆ తర్వాతే. ఆ ఘనతలో ఎక్కువ భాగం వ్యాయామానిదే అంటాను. అయితే ఆ వ్యాయామాన్ని చేయగలిగే స్థితికి నన్ను తెచ్చింది ఈ యంత్రం.

అసలు ఇబ్బంది చెయ్యి అందకపోవడం. నడుముకు, పిరుదులకు ఎవరి సాయమూ లేకుండా వాడుకోవచ్చు. భుజం పై భాగానికీ ఫరవాలేదు. నేను దేనికోసం కొన్నానో ఆ భుజం రెక్క లోపలి అంచుకు మాత్రం ఈ నిటారు పిడితో చేరుకోవడం దాదాపు అసాధ్యం. కిలో బరువును వీపు వెనక వంకరగా పట్టుకుని రెండు నిమిషాలు ఉంచేసరికి, వీపుకు దక్కిన సుఖం మణికట్టు నొప్పికే సరిపోయేది. 2007లో మోటారుసైకిలు ప్రమాదం తర్వాత తన నొప్పి కోసం జేసన్ వెర్స్‌లాండ్ రూపొందించిన యంత్రం తర్వాత థెరాగన్‌గా మారింది. దాని పిడి త్రికోణాకారంలో ఉండి పలు విధాలుగా పట్టుకోవడానికి వీలిస్తుంది. ఆ ఆకారం అలంకారం కోసం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. వీపు పై భాగం కోసం, అదీ ఒంటరిగా వాడుకోవడానికి కొనేవారు వేగాలూ తలల సంఖ్యా పక్కన పెట్టి, ముందుగా యంత్రాన్ని చేతిలోకి తీసుకుని వీపు వెనక్కి పెట్టి చూడాలి. ఇప్పుడు మా అమ్మాయి నాకు సాయం చేస్తున్నది. నేను బోర్లా పడుకుంటే కండరం వదులుగా ఉంటుంది కనుక ఫలితం కూడా మెరుగ్గానే ఉంటున్నది. తను ఇంట్లో లేని రోజుల్లో గోడకూ వీపుకూ మధ్య టెన్నిస్ బంతి పెట్టుకుని అటూ ఇటూ కదలడం, నిజం చెప్పాలంటే, ఆ చోటికి ఈ యంత్రం కన్నా బాగా పనిచేస్తుంది.

వాడే పద్ధతిలో నేనొక తప్పు చేశాను. రెండో వారంలో నొప్పి ఎక్కువగా ఉందని నడుముకు పైన, పక్కటెముకల కింద ఒకేచోట ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ వేగంతో ఉంచాను. మరునాడు అక్కడ కమిలి నల్లబడింది, పది రోజులు ముట్టుకోలేకపోయాను. ఆ ప్రాంతం వెనక మూత్రపిండాలు ఉంటాయి, పైన ఎముకల రక్షణ కొంతే. మసాజ్ గన్ వాడిన తర్వాత కండర కణజాలం విచ్ఛిన్నమై ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన ఒకరి గురించి 2021లో వైద్య పత్రికలో వచ్చిన నివేదిక చదివాక నా అజాగ్రత్తకు నిజంగా భయం వేసింది. ఇప్పుడు అతి తక్కువ వేగంతో మొదలుపెట్టి రెండోదాన్ని దాటడం లేదు, ఒక్కో కండరానికి రెండు నిమిషాలు మించనివ్వడం లేదు, తలను ఒకచోట నిలపకుండా నెమ్మదిగా జరుపుతూ ఉంటున్నాను. వెన్నెముక మీద, మెడ ముందు భాగంలో, పక్కల్లో దీన్ని పెట్టనే కూడదు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, కాలి రక్తనాళాల్లో గడ్డలున్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు. యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో ఇవన్నీ చివరి పేజీలో సన్నని అక్షరాలతో ఉన్నాయి. మొదటి పేజీలో ఉండవలసిన మాటలవి.

మిగిలినవాటి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. తక్కువ వేగంలో పక్క గదిలోకి శబ్దం వినిపించదు. ఒకసారి ఛార్జి చేస్తే నా వాడకానికి రెండు వారాలు వస్తున్నది. ఐదో నెలలో గుండ్రటి తల బిగింపు వదులై, యంత్రం నడుస్తుండగా ఊడి పడటం మొదలైంది. తయారీదారుకు రాస్తే మారు మాట్లాడకుండా కొత్తది పంపారు గానీ, అది చేరడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ చదునైన తలతోనే నెట్టుకొచ్చాను. ఒత్తిడిని వెడల్పుగా పంచే ఆ తలే నడుముకు హాయిగా ఉందని అప్పుడు తెలిసి, కొత్తగా వచ్చిన గుండ్రటి తలను ఇప్పుడు పిరుదులకు మాత్రమే వాడుతున్నాను.