గోల్కొండ ముట్టడి చెప్పే గైడు: పెట్టిన డబ్బుకు గిట్టుబాటేనా?

తలకు 800 రూపాయలు, కోట టిక్కెట్టు వేరు. డబ్బు మా అల్లుడే ఫోనులో కట్టేసి, "మామయ్యా, ఈ గైడు రాణుల ముచ్చట్లు చెప్పడట, మొత్తం ముట్టడి కథేనట, మీరు వెళ్లితీరాలి" అన్నాడు. నేను సింగరేణి భూగర్భ గనుల్లో పేలుడు మందు పెట్టి బొగ్గు పేల్చే షాట్ ఫైరర్‌గా పనిచేసి రిటైరైన వాణ్ణి. గోడల కింద సొరంగాలు తవ్వి మందు కూరిన కథంటే నాకు ఆసక్తి ఉండక ఎవరికి ఉంటుంది?

తెల్లవారి ఆరున్నరకు ఫతే దర్వాజా దగ్గరకు రమ్మన్నారు. పదిహేను మందిమి చేరాం. ఆ దర్వాజా బొమ్మలాంటి కట్టడం కాదు, కింద నుంచి ఆటోలు, స్కూటర్లు పోతూనే ఉంటాయి. గైడు కుర్రవాడు మమ్మల్ని గోడవారగా నిలబెట్టి ముందు తలుపే చూపించాడు. మందమైన చెక్క, దాని నిండా బయటికి పొడుచుకొచ్చిన ఇనుప మేకులు. "ఏనుగు తలతో గుద్దబోతే ముందు తగిలేవి ఇవే" అని ఒక మేకు మీద చెయ్యి వేశాడు. నేనూ తడిమి చూశాను. మొన బాగా అరిగింది కానీ, మేకు మాత్రం వేలెడంత కూడా కదలలేదు. పని తెలిసిన కమ్మరి దిగగొట్టిన మేకు.

కుర్రవాడికి విషయం తెలుసు. 1656లో ఔరంగజేబు యువరాజుగా వచ్చి కోటను చుట్టుముట్టడం, తండ్రి షాజహాన్ ఆజ్ఞతో వెనుదిరగడం, 1687లో చక్రవర్తిగా మళ్లీ రావడం చకచకా చెప్పాడు. మా యూనియన్ రోజుల్లో ఆఫీసు ముట్టడి అంటే సాయంత్రానికి టీ తాగి ఇళ్లకు పోవడమే. ఇక్కడ దాదాపు ఎనిమిది నెలలు. సుమారు పదకొండు కిలోమీటర్ల గోడ, 87 బురుజులు, వాటి మీద ఫిరంగులు. అందుకని బయటివాళ్లు కూడా కోట చుట్టూ కొయ్యతో, మట్టితో తమ గోడ ఒకటి కట్టుకున్నారు. లోపలికి గింజ పోకూడదు, లోపలినుంచి మనిషి రాకూడదు. తీరా వానలు పడి, మూసీ పొంగి, గింజలు దొరక్క పస్తులున్నది మొగలు దండు కూడా!

నిచ్చెనలు వేసి రాత్రివేళ గోడ ఎక్కబోతే ఒక ఊరకుక్క మొరిగి కావలివాళ్లను లేపిందనీ, గోల్కొండ సుల్తాను తానీషా దాని మెడలో బంగారు గొలుసు వేయించాడనీ ఆనాటి చరిత్రలో ఉంది. కుర్రవాడు ఈ ముక్క బాగా రక్తికట్టించాడు, పిల్లలు పగలబడి నవ్వారు.

నేను కాచుకుని కూర్చున్నది మాత్రం మందుపాతరల కోసం. మొగలులు బురుజుల కిందికి సొరంగాలు తవ్వి మందు దట్టించారు. కోటలోవాళ్లు పసిగట్టి లోపలినుంచి ఎదురు సొరంగం తవ్వారు, అందిన మందు తోడేశారు, మిగతాదాన్ని నీళ్లతో తడిపేశారు. మొగలులు నిప్పంటిస్తే పేలుడు వాళ్ల మీదికే వచ్చి, సొంత మనుషులే పెద్ద సంఖ్యలో చచ్చారు. ఇంతవరకు సరిగానే చెప్పాడు. ఎందుకు వెనక్కి తన్నిందని ఒక ఆవిడ అడిగితే మాత్రం "అది వాళ్ల దురదృష్టం మేడమ్" అని ముందుకు నడిచాడు. దురదృష్టమేమిటి! కోటవైపు మందు పోయింది, తడిసింది. పొడిగా మిగిలింది బయటివైపుది. మందు బలం ఎప్పుడూ అడ్డు తక్కువగా ఉన్న దారినే వెతుక్కుంటుంది. బొగ్గులో రంధ్రం వేసి మందు పెట్టాక మూతిని మట్టి ఉండలతో గట్టిగా కూరకపోతే, బొగ్గు రాలదు సరికదా, మంట మన ముఖం మీదికే వస్తుంది. గనిలో మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. ఆ ఆవిడకు నేనే చెప్పాను. కుర్రవాడు కూడా ఆగి విన్నాడు, అది మెచ్చుకోవాలి.

చివరికి కోటను పడగొట్టింది మందు కాదు, లంచం. అబ్దుల్లా ఖాన్ పణి అనే కోటలోని సేనాధికారి 1687 సెప్టెంబరులో ఒక రాత్రి దిడ్డితలుపు తెరిచాడు. అడ్డుపడిన తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒంటి మీద డెబ్బైకి పైగా గాయాలు లెక్కపెట్టారట, అయినా బతికాడు. కుర్రవాడు ఇది చెబుతూ ఫోను జేబులో పెట్టేసి గొంతు తగ్గించాడు. నడక మొత్తంలో అతను నటించకుండా చెప్పింది ఇదే.

ఇక బాలాహిసార్ దర్వాజా. ఎదురుగా ఉన్న అడ్డుగోడ ఏనుగులకు పరుగందకుండా కట్టిందని ఒక్క మాటలో తేల్చేసి, చప్పట్లకు మాత్రం అరగంట ఇచ్చాడు. కింద కొడితే పైన గుట్ట మీది మండపం బారాదరిలో వినిపిస్తుంది, నిజమే. అందరూ వరసగా కొట్టి చూడాలా? రామదాసు చెరసాల దగ్గర మా ఆవిడ దీపం పెట్టుకుంటానంటే "ఇది మన అంశంలో లేదమ్మా" అన్నాడు. రామదాసును చెరలో పెట్టిన తానీషాయే ఆ తరవాత దౌలతాబాదు కోటలో ఖైదీగా ప్రాణం విడిచాడు. అంశంలో లేకపోవడమేమిటి? మా ఆవిడ ఇప్పటికీ గుర్రుగానే ఉంది.

పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. 1656 ముట్టడిలో శత్రువుకు పనికొచ్చిన గుట్టను లోపలికి కలుపుకుంటూ తరవాత కట్టిందే నయాఖిలా. ముట్టడి వల్ల కోట ఎలా మారిందో చూడాలంటే అక్కడికే వెళ్లాలి. ఈ నడక నడిపే సంస్థ వాళ్లు పంపిన కాగితంలో నయాఖిలా స్పష్టంగా ఉంది. ఎండ ముదిరిందని తీసుకెళ్లలేదు, డబ్బు తగ్గించనూ లేదు. అడిగితే ఆఫీసుకు రాయమన్నారు, రాశాను, జవాబు లేదు.

వెళ్లాలనుకునేవారు నీళ్ల సీసా తెచ్చుకోండి, వాళ్లు ఇవ్వరు. మోకాళ్ల నొప్పులున్నవారు పైదాకా ఎక్కనక్కరలేదు, యుద్ధం కథంతా కిందే అయిపోతుంది. చప్పట్ల దగ్గర తొందరపెట్టండి. కుర్రవాడికి ఐదుకు నాలుగు, సంస్థకు రెండు.