ఏది మేలు: పిల్లలను విదేశానికి ఇళ్లు కట్టే మిషన్ యాత్రకు పంపడమా, ఆ డబ్బే అక్కడికి పంపడమా?

వేసవి సెలవులు దగ్గరపడుతున్న కొద్దీ యవ్వనస్థుల కూడిక ముగిశాక తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే. పదహారు, పదిహేడేళ్ల పిల్లలను ఇళ్లు కట్టే మిషన్ బృందంతో (చర్చి తరఫున సేవకు వెళ్లే బృందంతో) విదేశానికి పంపడం మేలా, లేక ఆ ఖర్చంతా అక్కడి సంఘానికే, అంటే అక్కడి చర్చికే, పంపి కట్టించుకోమనడం మేలా? విడివిడిగా చెప్పిన జవాబునే ఇక్కడ ఒకచోట చేర్చి రాస్తున్నాను.

లెక్క ఒక్కటే చూసేవారికి తీర్పు తేలికే. 1998 అక్టోబరు చివర మిచ్ తుపాను మధ్య అమెరికా దేశమైన హోండురాస్‌ను ముంచెత్తిన తరువాత ఉత్తర అమెరికా సంఘాల నుంచి ఎన్నో బృందాలు అక్కడ ఇళ్లు కట్టడానికి వెళ్లాయి. అమెరికాలోని కాల్విన్ కాలేజీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ ఆ ఇళ్లను, స్థానికులే కట్టిన ఇళ్లతో పోల్చి 2006లో తన అధ్యయనాన్ని ప్రచురించారు. సుమారు 2,000 డాలర్లతో స్థానికంగా పూర్తయ్యే ఇంటికి, విమాన ఖర్చులతో కలిపి ఒక బృందానికి 30,000 డాలర్ల దాకా అయింది. పైగా, ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఆ ఇళ్లలో చేరిన కుటుంబాల జీవితాల్లో చెప్పుకోదగిన తేడా ఏదీ కనిపించలేదు.

అయినా నా దృష్టిలో ఖర్చు ఒక్కటే తుది మాట కాదు, ఎందుకంటే యాత్రకు పోగయ్యే కానుకలన్నీ యాత్ర లేకపోయినా వస్తాయనుకోవడం పొరపాటు. మన కళ్లముందు పెరిగిన పిల్ల సేవకు వెళుతున్నదంటే తెరుచుకునే చేతి సంచి, దూరదేశపు సంఘానికి సిమెంటు కావాలంటే అంత సులువుగా తెరుచుకోదు. యాత్ర పక్షాన ఇది బలమైన వాదనే.

అసలు తేల్చవలసినది తాపీ ఎవరి చేతిలో ఉంటుందన్నది. గోడ లేపడం ఉత్సాహంతో అయ్యే పని కాదు. నానబెట్టని మట్టి ఇటుక మాలులోని (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దలోని) తడిని పీల్చేసుకుంటుంది. కలిపిన మాలు బిగియడం మొదలయ్యాక మళ్లీ నీళ్లు పోసి మెత్తబరిస్తే దాని పట్టు తగ్గిపోతుంది. నిలువు అతుకులు ఒకదానిమీద ఒకటి పడకుండా వరుసలు పేర్చుకుంటూ, గోడ నిటారుగా ఉందో లేదో మధ్యమధ్య తూకం గుండు వేలాడదీసి చూసుకోవాలి. ఇవన్నీ మేస్త్రీకి కళ్లు మూసుకున్నా తెలిసిన సంగతులు, మన పిల్లలకు మాత్రం మొదటి రోజు పాఠాలు. అన్నిటినీ మించి, కట్టిన గోడకు కనీసం ఏడు రోజులు నీళ్లు కొడుతూనే ఉండాలి. వారం పది రోజుల యాత్రలో రానూపోనూ ప్రయాణం, ఆదివారపు ఆరాధన, వీడ్కోలు కూడిక తీసేస్తే, చివర్లో లేపిన గోడ తడి ఆరకముందే బృందం విమానం ఎక్కుతుంది. ఆ తరువాత దాన్ని తడిపేది, ఒరిగితే పడగొట్టి మళ్లీ కట్టేది స్థానిక మేస్త్రీయే. ఆ పనికి అతనికి కూలి ఇస్తారో లేదో ఎవరూ అడగరు.

పిల్లల భద్రత కూడా ఈ లెక్కలోనిదే. అమెరికా కార్మిక చట్టం 18 ఏళ్లలోపు వారిని కప్పుమీది పనికి గానీ, లోతైన గుంటల తవ్వకానికి గానీ, విద్యుత్ రంపాల దగ్గర గానీ కూలికి పెట్టుకోవడాన్ని సాధారణంగా అనుమతించదు. అమెరికాలో కూలికి చేయనివ్వని పనిని పరదేశంలో పరిచర్య పేరుతో చేయించడం న్యాయమని నాకు తోచదు.

అలాగని డబ్బు పంపితే అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. రసీదులు పంపించి, పని ఎంతవరకు వచ్చిందో చూపించే సంఘం అవతల ఉండాలి. పైగా పిల్లల కోణంలో చూస్తే ఈ మార్గం నేర్పేది తక్కువ. తాము చేయి పెట్టని పని వారికి ఎంతకాలం గుర్తుంటుంది?

అందుకే మూడో దారి గురించి కూడా చెబుతాను. అమెరికాలో 1969లో మొదలైన అప్పలాచియా సర్వీస్ ప్రాజెక్ట్ వంటి సంస్థలు టీనేజి పిల్లల చేత వారంపాటు, అదే దేశంలోని పేద కుటుంబాల ఇళ్లకు మరమ్మతులు చేయిస్తాయి. పాస్‌పోర్టు, వీసా ఖర్చు లేదు, ఇంటివారితో మాట్లాడటానికి సాధారణంగా దుబాసీ అక్కర్లేదు, అవసరమైతే మళ్లీ వెళ్లి చూసి రావచ్చు. మొదటిసారి వెళ్లే పిల్లలకు నేను సూచించేది ఇదే. ఇక విదేశంలో రంగులు వేయడానికో, సెలవుల బైబిల్ బడి నడపడానికో వెళ్లే యాత్రలకు ఈ పోలికలో పెద్ద చోటు లేదు. వాటితో ఇబ్బంది లేదు, కానీ వాటిని నిర్మాణ పరిచర్య అనడం తగదు.

విదేశానికే పంపాలని నిశ్చయించుకుంటే, డబ్బు కట్టకముందే నిర్వాహకులను అడిగి తెలుసుకోండి. పని నడిపించే మేస్త్రీ ఆ ఊరివాడేనా, అతనికి ఆ వారానికి పూర్తి కూలి ముట్టుతుందా, మన పిల్లలు ఇసుక జల్లించి మాలు అందించే సహాయకులుగానే ఉంటారా, బృందం తిరిగివచ్చాక గోడకు నీళ్లు కొట్టే బాధ్యత ఎవరిది? వీటికి సూటిగా జవాబు చెప్పేవారితో నిశ్చింతగా పంపవచ్చు. జవాబు దాటవేస్తే, ఆ మొత్తం అక్కడి సంఘానికి పంపి, పిల్లలను దగ్గరలోని మరమ్మతుల శిబిరంలో చేర్పించండి.