గర్భనిరోధక సలహా: పీహెచ్‌సీయా, ప్రైవేటా, పెద్దాసుపత్రా?

కర్నూలు జిల్లాలో పిల్లలు ఇప్పుడే వద్దనుకునే ఆలుమగలకు దారులు నాలుగున్నాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ, మండలంలో పీహెచ్‌సీ, ఆదోనిలోనో కర్నూల్లోనో ప్రైవేటు గైనకాలజిస్టు, అందరూ పెద్దాసుపత్రి అనే సర్వజన వైద్యశాల. మెడికల్ షాపు ఐదోది. అది అడక్కుండానే సలహా ఇస్తుంది.

వేరే జబ్బులేమీ లేని మనిషికి మామూలు గర్భనిరోధకం కోసమైతే పీహెచ్‌సీయే మేలు. ఫీజు ఉండదన్నది చిన్న కారణమే. నిరోధ్, మాలా-ఎన్ బిళ్ళలు, ఛాయా బిళ్ళలు, అంతర సూది, కాపర్-టీ అన్నీ అక్కడ ఉచితం. ప్రైవేటులో చీటీ చేతికొస్తుంది, సరుకు ప్రతినెలా మనం కొనాలి. డబ్బు లేని నెల బిళ్ళ ఆగిపోతుంది, ఆ నెలే కడుపొస్తుంది. పైగా పీహెచ్‌సీలో మొదలుపెడితే ఏఎన్‌ఎం ఇంటికొచ్చి అడుగుతుంది. ప్రైవేటు డాక్టరు ఎంత మంచివారైనా, మనం మళ్ళీ వెళ్ళకపోతే వాళ్ళకు తెలిసే దారి లేదు.

అంతర సూదినే తీసుకోండి. మొదటి డోసుకు ముందు బీపీ చూడాలి. ముట్టు తేదీ, కాన్పయి ఎన్నాళ్ళయిందో (పాలిచ్చే తల్లికి ఆరు వారాలు దాటాలి), కారణం తెలియని రక్తస్రావం ఉందేమో అడగాలి. ఇవి అడక్కుండా సూది పొడిస్తే అది సలహా కాదు. కండలో వేసేది 150 మిల్లీగ్రాములు, మూడు నెలలకోసారి. ముట్టు మొదలైన ఏడు రోజుల్లోపు వేస్తే వెంటనే పనిచేస్తుంది, ఆ తర్వాత వేస్తే ఏడు రోజులు నిరోధ్ వాడాలి. వేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. అలా చేస్తే మందు తొందరగా కరిగిపోయి మూడు నెలలు నిలవదు.

చాలామంది ఈ సూదిని మధ్యలో మానేది ముట్టు తప్పినందుకే. మొదటి నెలల్లో అడపాదడపా మరకలు పడతాయి, తర్వాత కొందరికి ముట్టే ఆగిపోతుంది. ‘చెడు రక్తం లోపలే నిలిచిపోయింది’ అని ఇంట్లో పెద్దవాళ్ళు భయపెడతారు. లోపల నిలిచేదేమీ లేదు. గర్భసంచి పొర పలచబడుతుంది కాబట్టి బయటికి రావడానికే ఏమీ ఉండదు. ఈ మాట సూదికి ముందే చెప్పే ఏఎన్‌ఎం దొరికితే ఆమెనే పట్టుకోండి. ఇంకొకటి: మానేశాక మళ్ళీ కడుపు నిలవడానికి చివరి సూది నుంచి 7 నుంచి 10 నెలలు పడుతుంది. వచ్చే ఏడే బిడ్డ కావాలనుకుంటే ఇది వద్దు.

కోసిగి, కౌతాళం వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వెళ్ళే కుటుంబాలకు రెండో డోసు సుగ్గిలోనే, అంటే వలస వెళ్ళిన కాలంలోనే, పడుతుంది. గడువుకు రెండు వారాల ముందే వేయించుకుని బయల్దేరవచ్చు, నాలుగు వారాల ఆలస్యం వరకూ పరవాలేదు. సూది కార్డు సంచిలో ఉంటే అక్కడి పీహెచ్‌సీలోనైనా వేస్తారు.

ఛాయాలో హార్మోను ఉండదు, పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. వారాన్ని మర్చిపోవడమే దీనితో చిక్కు. ఏడు రోజులకు మించి తప్పితే మళ్ళీ వారానికి రెండుతో మొదలుపెట్టాలి. పీసీఓడీ ఉన్నవాళ్ళకు, ఈమధ్య కామెర్లు వచ్చినవాళ్ళకు ఇది పనికిరాదు.

పీహెచ్‌సీకి ఉన్న పెద్ద లోటు గుట్టు. ఆశా కార్యకర్త మన వీధిలోనే ఉంటుంది, ఓపీ వరుసలో మన పిన్నో వదినో నిలబడి ఉంటుంది. పక్క మండలం పీహెచ్‌సీకో, టౌన్లో అర్బన్ హెల్త్ సెంటర్‌కో వెళ్ళడం దీనికి సులువైన విరుగుడు. చీటీ రాసేచోట ‘ఆడవాళ్ళ సమస్య’ అంటే చాలు, మిగతాది డాక్టరుకే చెప్పండి. పెళ్ళికాని అమ్మాయికి ఏఎన్‌ఎం దగ్గర ప్రశ్నలు ఎక్కువ ఎదురవుతాయి. 18 దాటాక బిళ్ళలకు గానీ నిరోధ్‌కు గానీ పెళ్ళి అయివుండాలన్న చట్టమేమీ లేదు. కానీ మాటలు పడలేనంటే ప్రైవేటో, ఎవరూ ఎరగని పెద్దాసుపత్రో నయం.

ప్రైవేటు గైనకాలజిస్టు ఫీజుకు తగ్గ పని కొన్ని చోట్ల కచ్చితంగా ఉంది. బీపీ 140/90 దాటినవాళ్ళు, కళ్ళముందు మెరుపులతో ఒంటితల నొప్పి వచ్చేవాళ్ళు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, పొగతాగే 35 దాటినవాళ్ళు మాలా-ఎన్ లాంటి బిళ్ళలు వాడకూడదు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్సుకు ఫినిటాయిన్ లేదా కార్బమజెపిన్ వాడుతుంటే బిళ్ళ పనితనం తగ్గిపోతుంది. ముట్టులో రక్తం విపరీతంగా పోయేవాళ్ళకు హార్మోను లూపు (కాపర్-టీలాగే గర్భసంచిలో పెట్టేది) మంచి దారి, అది పీహెచ్‌సీలో ఉండదు. ఇలాంటి చిక్కులకు గైనకాలజిస్టే సరి, ఖర్చు పెట్టుకోలేకపోతే పెద్దాసుపత్రి గైనిక్ ఓపీ. అయితే ఒట్టి బిళ్ళలు మొదలుపెట్టడానికి స్కానింగు అక్కర్లేదు. బీపీ, నాలుగు ప్రశ్నలు చాలు. ‘ఈ పరీక్ష దేనికి డాక్టర్?’ అని అడగడం తప్పేమీ కాదు.

కాపర్-టీ ఎక్కడ వేయించుకున్నా అంతే. రోజూ వేసే చేయి దొరకాలి. 380ఏ పదేళ్ళు, 375 ఐదేళ్ళు. ఏది వేశారో, ఏ తేదీనో కార్డులో రాయించుకోండి. కాన్పు పెద్దాసుపత్రిలో అయితే 48 గంటల్లోపే వేసేస్తారు, మళ్ళీ తిరిగే పని తప్పుతుంది.

మెడికల్ షాపు రెండింటికే పనికొస్తుంది: నిరోధ్‌కు, కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర బిళ్ళకు. ఆ బిళ్ళ ఎంత తొందరగా వేస్తే అంత మేలు, నెలనెలా వాడేది కాదు. అబార్షన్ కిట్ మాత్రం షాపులో అడిగి తెచ్చుకోవద్దు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మందు పనిచేయదు, లోపల ట్యూబు పగిలి ప్రాణానికొస్తుంది. తొమ్మిది వారాలు దాటినా ప్రమాదమే. గంటకు రెండు ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. 18 దాటిన స్త్రీకి అబార్షన్‌కు ఆమె సంతకమే చాలు, భర్త సంతకం చట్టం అడగదు. 18 లోపు పిల్లల విషయంలో డాక్టరు పోలీసులకు తెలపాలి. అమ్మాయి, పెద్దవాళ్ళు కోరితే పేరు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

సుఖవ్యాధుల సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది. దీనికి పెద్దాసుపత్రే మొదటిది, ఆర్‌ఎంపీ ఆఖరుది కూడా కాదు. గజ్జల్లో దురద చాలాసార్లు సుఖవ్యాధే కాదు, తామర. ఆర్‌ఎంపీ ఇచ్చే ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉంటే వారంలో తగ్గినట్టుంటుంది, తర్వాత తొడలదాకా పాకుతుంది. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ అని రాసే లాడ్జి వైద్యుల గురించి చెప్పేదేముంది. పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలోనో గైనిక్‌లోనో పుండుకు, తెల్లబట్టకు, మంటకు విడివిడి మందుల కిట్లు ఉచితం. సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా ఉచితమే, ఫలితం మూడోవాళ్ళకు చెప్పరు. అనుమానం కొత్తదైతే మూడు నెలలకు హెచ్‌ఐవీ పరీక్ష మళ్ళీ చేయించాలి. భార్య ఒక్కతే మందు మింగి భర్త మింగకపోతే జబ్బు మళ్ళీ తిరిగొస్తుంది. ఇద్దరికీ కలిపి కిట్ అడగండి. ముందు ఫోన్లో కనుక్కోవాలనిపిస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉంది.