పెంకుటింటి పక్కన మేడ: మా బల్ల మీది లెగో వీధిలోకి ట్యూడర్ కార్నర్

నేను ముప్పై నాలుగేళ్లు ఇళ్ల ప్లాన్లు గీశాను. ఏ వీధిలో నడిచినా నా కన్ను ముందు పునాది ఎత్తు మీద, ఆ తరవాత పైకప్పు అంచు మీద పడుతుంది. గుమ్మం రంగు, కిటికీ సోకు చివరికి కనపడతాయి. ఈ సమీక్ష కూడా ఆ వరసలోనే సాగుతుంది.

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి డాలస్ నుంచి రాజమండ్రి వస్తూ బిగించి కట్టే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు చేసే లెగో వారి ట్యూడర్ కార్నర్ పెట్టె తెచ్చింది. 2025 జనవరిలో విడుదలైన సెట్టు. 3266 ముక్కలు, ఎనిమిది మంది బొమ్మ మనుషులు, విడుదలైనప్పుడు అమెరికాలో ధర 229.99 డాలర్లు. నేనూ మనవడూ రోజూ సాయంత్రం కూర్చుని తొమ్మిది రోజుల్లో పూర్తి చేశాం. కింద ఒక పాతకాలపు భోజనశాల, కుట్టుపనికి కావలసిన సామాను అమ్మే కొట్టు ఉన్నాయి. వాటి పైన గడియారాలు బాగుచేసేవారి పనిగది, ఇంకా పైన అటక కింద కాపురం. అంతస్తులు ఒక్కొక్కటీ డబ్బా మూతలా పైకి వస్తాయి. తెల్లటి గోడ మీద ముదురు దూలాలు, ఏటవాలు పైకప్పు. ఇంగ్లండులో ట్యూడర్ రాజుల కాలంలో, అంటే 1485 నుంచి 1603 దాకా, బాగా నడిచిన కట్టుబడి ఇది. ముందు కర్ర చట్రం నిలబెట్టి, మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, వాటికి మట్టి మెత్తేవారు. మా అమ్మమ్మగారి ఊళ్ళో తడిక గోడకు మట్టీ పేడా కలిపి మెత్తిన పశువుల పాక ఉండేది. ఆ పనే వాళ్లు మేడలకు చేశారు. కర్రను మనం లోపల దాచుకున్నాం, వాళ్లు బయటికి చూపించారు. కట్టేటప్పుడు ఈ సంగతి మనవడికి చెబితే దూలాల ముక్కలు పెట్టడం వాడే తీసుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఇల్లు విడిగా చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే మా బల్ల మీద అప్పటికే వీధి ఉంది. 2021లో వచ్చిన బుక్‌షాప్, 2023 డిసెంబరులో వచ్చిన నేచురల్ హిస్టరీ మ్యూజియం, ఆ మధ్య జాజ్ క్లబ్, మనవడి ప్రాణమైన నింజాగో సిటీ గార్డెన్స్. ఒక్కొక్కటి ఒక్కో దేశం, ఒక్కో కాలం. వీటి నడుమ నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు ఇల్లు నిలుస్తుందా అన్నది నాకు అసలు ప్రశ్న. పెట్టె కొనబోయేవారు ఎక్కువమంది అడిగేదీ అదే అనుకుంటున్నాను.

ముందు నేల సంగతి. లెగో వారు 2007లో కఫే కార్నర్‌తో మొదలుపెట్టిన ఈ వరసలోని ఇళ్లు ఎక్కువగా ఒకే కొలత పట్టుకుని వస్తున్నాయి. అడుగు పలక, పై ముక్కలను పట్టుకునే చిన్న బొడిపెలు ఇటు 32, అటు 32 ఉన్న చదరం. బొడిపెకూ బొడిపెకూ 8 మిల్లీమీటర్లు కనుక మామూలు ఇంటి వెడల్పు 25.6 సెంటీమీటర్లు. పక్కగోడల అడుగున రంధ్రాలున్న ఇటుకలుంటాయి. వాటిలో పిన్నులు దూర్చి ఏ ఇంటినైనా ఏ ఇంటికైనా కలపవచ్చు. ముందు కాలిబాట ఒకే మట్టాన వస్తుంది. ఇంటి సొగసు కంటే ఈ కట్టుబాటుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఇల్లు కట్టేవాడు తన ఇష్టం వచ్చినట్టు కట్టుకోవచ్చు గాని అరుగు వరస తప్పకూడదు. ట్యూడర్ ఇంటి కాలిబాట మీద వేలు పెట్టి జాజ్ క్లబ్ చివరి దాకా లాగాను. ఎక్కడా వేలు తట్టుకోలేదు.

చిక్కు రోడ్డు దగ్గర వచ్చింది. 2021 నుంచి లెగో రోడ్డు పలకలు మందంగా, ఇటుకలో మూడింట రెండు వంతుల ఎత్తున వస్తున్నాయి. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, అందులో రెండు వంతులంటే 6.4. ఇళ్ల ముందు కాలిబాట మాత్రం పలుచటి అడుగు పలక మీద ఒక వరస టైళ్లే. దాంతో రోడ్డు కాలిబాటను మించి నిలబడింది. మన ఊళ్ళలో తారు మీద తారు, సిమెంటు మీద సిమెంటు పోసుకుంటూ పోయి రోడ్లు గుమ్మాల కంటే ఎత్తయిన వీధులు ఎన్ని లేవు! మొదటి వానకే హాల్లోకి నీళ్లు వచ్చిన ఇళ్లకు కొలతలు తీసినవాణ్ని, బొమ్మ వీధిలో కూడా దాన్ని చూసి ఊరుకోలేకపోయాను. అడుగు పలకల కింది భాగం నున్నగా ఉంటుంది, కింద బొడిపెలు పెట్టినా పట్టుకోదు. అందుకని 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఇళ్ల వరస పొడవునా కోయించి కింద పరిచాను. ఇప్పుడు కాలిబాట రోడ్డు కంటే కాస్త పైకి ఉంది, బొమ్మ మనిషి అడుగు వేసి ఎక్కేంత. ఇంకా శ్రద్ధ ఉన్నవారు అడుగు పలక మీద ఒక వరస ఇటుకలు, ఆ పైన పలకలు పరిచి ఊరంతటినీ లేపుకుంటారు. అందుకు పట్టే ముక్కలూ ఖర్చూ చాలా ఎక్కువ. నా ప్లైవుడ్డుకు రెండు వందల రూపాయలు కాలేదు.

ఇక వెడల్పుల లెక్క. మ్యూజియం 48 బొడిపెల వెడల్పు, అంటే ఒకటిన్నర ఇల్లు. దాని పక్కన మామూలు ఇల్లు పెడితే వీధి ఎప్పుడూ సగం దగ్గర తెగుతుంది. ఇక్కడ ఆదుకున్నది 2504 ముక్కల బుక్‌షాప్. అది చూడటానికి ఒకే సెట్టు గాని నిజానికి 16 బొడిపెల వెడల్పున్న రెండు సన్నటి ఇళ్లు. విడదీయవచ్చు. ముందు బిర్చ్ చెట్టున్న పుస్తకాల కొట్టును మ్యూజియం పక్కన పెట్టాను. 48, 16 కలిపితే 64, సరిగ్గా రెండు పలకలు. ఆ తరవాత జాజ్ క్లబ్. దాని రెండో పక్క బుక్‌షాప్ తాలూకు రెండో ఇల్లు, చివర మలుపులో ట్యూడర్ కార్నర్.

ఆ రెండో సన్నటి ఇంటిని అక్కడ పెట్టడానికి కారణం కొలత కాదు. మొదట ట్యూడర్ ఇంటిని నేరుగా జాజ్ క్లబ్‌కు ఆనించి చూశాను. నిలువు బోర్డు, సమంగా తెగిన పిట్టగోడ, డాబా మీద గాజు తోట ఉన్న మేడ ఒకటి. వాలు కప్పులు, దూలాలు ఉన్న ఇల్లు ఇంకొకటి. రెండూ పెద్ద గొంతుతో మాట్లాడే మనుషులే. పక్కపక్కన కూర్చోబెడితే ఎవరి మాటా వినపడలేదు. మధ్యలో ఒక సన్నటి, నెమ్మదైన ఇల్లు పడగానే కంటికి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. రాజమండ్రి పాత వీధుల్లో పెంకుటింటికీ నాలుగంతస్తుల అద్దాల కాంప్లెక్సుకూ నడుమ ఎప్పటిదో ఒక డాబా ఇల్లు ఉంటుంది. దాన్ని ఎవరూ ఆగి చూడరు. పడగొట్టిన రోజున మాత్రం వీధికి పన్ను ఊడినట్టు అవుతుంది.

పైకప్పు అంచుల ఎత్తు ఒకేలా ఉండకూడదని నా గట్టి నమ్మకం. అన్నీ ఒక్క గీతలో ఉంటే హౌసింగ్ కాలనీ అవుతుంది, ఊరు అవదు. ట్యూడర్ కార్నర్ ఈ వీధికి తెచ్చిన పెద్ద మేలు దాని వాలు కప్పే. మ్యూజియం నుంచి వరసగా సమతలంగా వచ్చిన చూపు అక్కడికి వచ్చేసరికి పైకి లేచి, శిఖరం తాకి, మలుపు తిరిగి దిగుతుంది. ఇది నేను ఊహించలేదు. కాగితం మీద గీసి చూసుకున్నప్పుడు కూడా ఇంత బాగా కనపడలేదు.

లోటు ఒకటి చెప్పాలి. ఈ వరస ఇళ్లకు పక్కగోడలు బోడిగా ఉంటాయి. పక్కన ఇంకో ఇల్లు వస్తుందన్న లెక్కతో అలా వదిలేస్తారు, అది న్యాయమే. కాని ఎత్తులు కలవనప్పుడు పొడుగు ఇంటి బోడి గోడ పొట్టి ఇంటి నెత్తిన మొండిగా నిలబడుతుంది. సన్నటి ఇంటి పైన జాజ్ క్లబ్ గోడ అలాగే కనపడింది. మనవడు తన డబ్బాలోంచి పచ్చటి ఆకు ముక్కలు ఏరి, గోడలో నాలుగు చోట్ల మామూలు ఇటుక తీసి పక్కకు బొడిపె ఉన్న ఇటుక పెట్టి, కింద నుంచి పైకి తీగ పాకించాడు. మొదట ఆకులు దగ్గరదగ్గరగా గుచ్చితే పచ్చ బొట్లు పెట్టినట్టుంది. రెండు పీకేసి, ఒకదాన్ని కాస్త తిప్పి పెట్టాడు. అప్పుడు తీగ అయింది.

నింజాగో సిటీ గార్డెన్స్ వేరే కథ. 5685 ముక్కలు, రెండడుగుల పైచిలుకు ఎత్తు, ఎర్ర కప్పులు, అంతస్తు మీద అంతస్తు. "తాతయ్యా, ఇది ఇంగ్లీషువాళ్ల ఇల్లు, అది నింజాల ఊరు. మధ్యలో ఏం పెడతాం?" అని మనవడు అడిగాడు. సన్నటి ఇల్లు ఇక్కడ సరిపోదు. వీధినే తెంచాలి. 16 బొడిపెల వెడల్పున నీలం పలకలు పరిచి కాలువ చేశాం, దాని మీద చిన్న వంతెన. కాలువకు అటు ఇంకో ఊరు అనుకుంటే కన్ను ఒప్పుకుంటుంది. ధవళేశ్వరం కాలువ గట్టున పెరిగినవాణ్ని, నీళ్లకు ఆ గుట్టు తెలుసు. గార్డెన్స్‌కు అవతల ఒక పలక మేర పార్కు.  

పార్కు కోసం పచ్చ పలక వేరే తయారీదారుది ఇంటర్నెట్‌లో చవగ్గా తెప్పించాను. పేరు చెప్పను గాని ఎవరూ ఆ పని చేయవద్దు. ఈ అంచున ఇటుక బిగిసింది. ఆ అంచుకు వచ్చేసరికి బొడిపె దాదాపు మిల్లీమీటరు జరిగింది, పార్కు ప్రహరీ విల్లులా వంగింది. ఒక్కో బొడిపె దగ్గర వెంట్రుకవాసి తేడా ముప్పై రెండు సార్లు కూడితే అంత అవుతుంది. తీసి అవతల పెట్టి అసలు పలకే కొన్నాం.

కొనే ఆలోచనలో ఉన్నవారికి నా సలహా. బల్ల మీద ఇంకేమీ లేకపోతే ట్యూడర్ కార్నర్‌తో మొదలుపెట్టకండి. మలుపు ఇల్లు ఒంటరిగా ఉంటే దాని బోడి వైపే గది అంతటికీ కనపడుతుంది. జాజ్ క్లబ్ లాంటి నిటారు ఇల్లు ఒకటి ముందు ఉండాలి. ఇప్పటికే రెండు మూడు ఉంటే మాత్రం సందేహించకుండా తీసుకోండి, శైలి కలవదన్న భయం వద్దు. బుక్‌షాప్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఆ సన్నటి ఇంటిని మీరే విడి ముక్కలతో కట్టుకోవాలి. 16 బొడిపెల వెడల్పు, రెండంతస్తులు, ఒక్క రంగు చాలు. వేసవి సెలవులకు వాళ్లు మళ్లీ వచ్చేసరికి అలాంటిది ఇంకొకటి గీసి ఉంచమని మనవడు చెప్పి వెళ్లాడు. గ్రాఫ్ కాగితం మీద ముందు గోడ పూర్తయింది, మెట్లు ఎటు తిప్పాలో చూస్తున్నాను.