పెరట్లో ఆక్వాపోనిక్స్: కంకర తొట్టి, తెప్ప, పైపులు... ఏది మేలు?

మే నెల. మధ్యాహ్నం మూడున్నర. ఎండ 43 డిగ్రీలు దాటింది. ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది, ఎక్కడో తీగల మీద కొమ్మ విరిగిపడి కరెంటు పోయింది. ఇంట్లోవాళ్లంతా పెళ్లికి వెళ్లారు, రాత్రి ఎనిమిదికి గానీ రారు. పెరట్లో చేపల ట్యాంకు, పక్కన ఆకుకూరలు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఏవి బతికి ఉంటాయి?

చేపల నీళ్లతోనే, మట్టి లేకుండా మొక్కలు పెంచే పద్ధతి ఆక్వాపోనిక్స్. అది పెట్టాలని నన్ను అడిగేవాళ్లకు ముందుగా ఈ సాయంత్రం గురించే చెబుతాను. దేంట్లో దిగుబడి ఎక్కువ, ఏది చూడముచ్చటగా ఉంటుంది అన్నవి తర్వాతి మాటలు. మన ఎండనూ, మన కరెంటునూ తట్టుకునేది ఏదో మొదట తేలాలి. ఖమ్మం పక్కన మా పెరట్లో, 12 అడుగుల వెడల్పు 20 అడుగుల పొడవు షెడ్డులో, మూడు పద్ధతులూ ఒకదాని తర్వాత ఒకటి చేసి చూశాను. వాటిలో ఒక్కటే మిగిలింది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. చేపలు మేత తిని అమ్మోనియా వదులుతాయి. అది పేరుకుంటే వాటికే విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ మొక్కలకు మంచి ఆహారం. మొక్కలు దాన్ని పీల్చుకున్నాక నీళ్లు మళ్లీ చేపల దగ్గరికి వెళతాయి. ఇదంతా తిప్పేది ఒక చిన్న పంపు. అంటే చేపలు, మొక్కలు, బ్యాక్టీరియా మూడూ ఆ పంపు మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే కరెంటు సంగతి అంత గట్టిగా చెబుతున్నాను.

పైపులు

మొదట నేను పెట్టింది పైపులే. నాలుగంగుళాల పీవీసీ పైపులకు రంధ్రాలు చేసి, జాలీ కప్పుల్లో మొక్కలు పెట్టి, అడుగున పలచగా నీళ్లు పారిస్తారు. హైడ్రోపోనిక్స్ (చేపలు లేకుండా, మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచడం) సామాన్లు అమ్మేవాళ్లు చూపించేది ఎక్కువగా ఇదే. చోటు తక్కువ పడుతుంది, బరువు ఉండదు, గోడ వెంబడి నిచ్చెనలా పేర్చుకోవచ్చు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కొత్తిమీర, పాలకూర చాలా బాగా వచ్చాయి.

ఏప్రిల్‌లో ఒకరోజు రెండు గంటలు కరెంటు పోయింది. పైపులో నీళ్లు ఎంతసేపుంటాయి? పావుగంటలో ఇంకిపోయాయి. గాలిలో వేలాడే వేళ్లు, చుట్టూ ఎండకు కాలిన ప్లాస్టిక్. సాయంత్రానికి 60 మొక్కలూ వాలిపోయాయి, ఒక్కటి కూడా తేరుకోలేదు. కరెంటు ఉన్న రోజుల్లోనూ ఆ పలచటి నీళ్లు వేడెక్కి, అదే వేడిని చేపల ట్యాంకులోకి మోసుకెళ్లేవి. చేపల మలం వేళ్లకు చుట్టుకుని పైపులు పూడుకుపోవడం ఇంకో బాధ. ముందు మంచి ఫిల్టర్ లేకుండా ఇవి నడవవు. చల్లటి ఊళ్లో ఉండి, ఇన్వర్టర్ మీద పూర్తి నమ్మకం ఉన్నవాళ్లు ఆలోచించవచ్చు. కోస్తాలో, తెలంగాణలో ఎండాకాలం చూసినవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

తెప్ప

ఇందులో అడుగు లోతు నీళ్ల తొట్టి మీద థర్మాకోల్ పలక తేలుతూ ఉంటుంది. పలకకు చేసిన రంధ్రాల్లో మొక్కలు, కింద నీళ్లలో వేళ్లు. కరీబియన్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం ఏళ్ల తరబడి పనిచేసి తీర్చిదిద్దిన పద్ధతి ఇది. అదీ ఉష్ణమండలపు దీవే, కాబట్టి మనకు దూరపు సంగతి కాదు. అమ్మకానికి ఆకుకూరలు పండించేవాళ్లకు దీన్ని మించింది లేదని నా నమ్మకం. నాటడం తేలిక, కోయడం ఇంకా తేలిక.

మన పరీక్షలోనూ ఇది చాలావరకు నెగ్గుతుంది. నాలుగు చదరపు మీటర్ల తెప్ప కింద 1,200 లీటర్ల నీళ్లుంటాయి. అంత నీరు ఒక్క మధ్యాహ్నంలో కాగిపోదు. పంపు ఆగినా వేళ్లు నీళ్లలోనే ఉంటాయి. గాలి పంపు వదిలే బుడగలు ఆగిపోయి మరీ ఎక్కువసేపు గడిస్తేనే వేళ్లకు కష్టం.

మరి నేనెందుకు మానేశాను? ఫిల్టర్ వల్ల. తెప్ప కిందికి వెళ్లే నీళ్లలో మలం ఉండకూడదు. ఉంటే వేళ్లకు బురద పట్టి కుళ్లుతాయి. మలం అడుగుకు దిగడానికి ఒక డ్రమ్ము, దాని తర్వాత బ్యాక్టీరియా ఉండటానికి ఇంకో డ్రమ్ము పెట్టాలి. మొదటి డ్రమ్మును రెండు మూడు రోజులకోసారి కడగాలి. నాలుగు రోజులు ఊరెళ్తే తిరిగొచ్చేసరికి కంపు. ఇంకొకటి, దోమలు. పలకల సందుల్లో, అంచుల్లో కదలకుండా నిలిచిన నీరు వాటికి సరిగ్గా సరిపోయింది. పిల్లలున్న ఇంట్లో డెంగీ భయం పెట్టుకుని ఆకుకూరలు పండించడం నాకు నచ్చలేదు. గప్పీ చేపలు వేస్తే లార్వాలను తింటాయి. తెప్ప పెట్టేవాళ్లు ఆ పని మొదటి రోజే చేయండి.

కంకర తొట్టి

ఇప్పుడు మా పెరట్లో ఉన్నది ఇదే. అడుగు లోతు తొట్టి నిండా 20 ఎంఎం కంకర, అందులోనే మొక్కలు. ట్యాంకు నుంచి పంపు నీళ్లు పోస్తూ ఉంటుంది, నీళ్లు ఒక మట్టానికి రాగానే బెల్ సైఫన్ అనే చిన్న పైపు అమరిక మొత్తాన్ని ఒక్కసారిగా ట్యాంకులోకి లాగేస్తుంది. మళ్లీ నిండుతుంది, మళ్లీ ఖాళీ అవుతుంది. దిగుతున్న నీటి వెనకే గాలి కంకరలోకి వెళుతుంది. వేళ్లకూ బ్యాక్టీరియాకూ కావాల్సింది ఆ గాలే. సైఫన్‌ను సరిచేయడానికి నాకు వారం పట్టింది. నీళ్ల ధార మరీ సన్నగా ఉంటే అది లాగడం మొదలుపెట్టదు, మరీ ఎక్కువైతే లాగడం ఆపదు. వాల్వు కొంచెం కొంచెం తిప్పుతూ చూసుకోవాలి.

ఇక్కడ వేరే ఫిల్టర్ అక్కర్లేదు. మలాన్ని కంకరే పట్టేస్తుంది. గుప్పెడు వానపాములు వదిలితే అవి తిని పొడి చేస్తాయి. ప్రతి రాయి మీదా బ్యాక్టీరియా పొర ఉంటుంది కాబట్టి రెండో డ్రమ్ము పని కూడా అదే చేస్తుంది. నీటి మట్టం ఎప్పుడూ పై రాళ్లకు రెండంగుళాల కిందే ఆగేలా చూస్తాను. పైన పొడిగా ఉంటే దోమా ఉండదు, పాచీ పట్టదు. ఇక కరెంటు పోయిందా, తడిసిన కంకర వేళ్లను గంటల తరబడి చల్లగా పట్టుకునే ఉంటుంది. మొన్నటి వేసవిలో ఒకసారి ఐదు గంటలు పోయింది. పుదీనా కాస్త తల వాల్చింది, అంతే. గోంగూర, తోటకూర, బచ్చలి కదల్లేదు. తెప్ప మీద పడిపోయే వంగ, మిర్చి, టమాటా, పందిరెక్కే కాకర ఇందులో వేరు పట్టి నిలబడతాయి. ఇంటి వంటకు కావాల్సింది ఇలాంటి కలగలుపు తోటే కదా.

కష్టం లేదనను. నాలుగు చదరపు మీటర్లకు దాదాపు రెండు టన్నుల కంకర కావాలి. క్రషర్ నుంచి వచ్చిన లోడును దుమ్ము పోయేదాకా కడగడానికి ఇద్దరికి రెండు రోజులు పట్టింది. కొనేముందు నాలుగు రాళ్ల మీద నిమ్మరసమో వెనిగరో పోసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అలాంటి రాయి నీటి పీహెచ్‌ను (పులుపు, క్షార గుణాల కొలత) పైకి లాగుతూనే ఉంటుంది. మా వైపు నల్లరాయి, గ్రానైట్ కంకర దొరుకుతుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. పల్నాడు, తాండూరు లాంటి సున్నపురాయి ప్రాంతాలవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. ఇంకో హెచ్చరిక: ఇది నేల మీదే పెట్టాలి. కంకర, నీళ్లు కలిపి చదరపు మీటరుకు 600 కిలోల దాకా బరువు ఉంటుంది. మామూలు డాబాలను ఆ బరువుకు కట్టరు.

పైకప్పు

గ్రీన్‌హౌస్ అనగానే అందరికీ తెల్ల పాలిథిన్ షీటు గుర్తుకొస్తుంది. అది చలి దేశాల అవసరం. మే నెలలో నాలుగు వైపులా మూసిన పాలీహౌస్‌లోకి అడుగుపెడితే ఊపిరాడదు. ట్యాంకులో నీళ్లూ అంతే. నీరు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గిపోతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైన నిలిచేది, 35 దగ్గర 7కు పడిపోతుంది. అదే వేడిలో చేపలకు కావాల్సిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది.

అందుకని మా జీఐ పైపుల ఫ్రేము ఒకటే, కప్పులు రెండు. ఫిబ్రవరి చివరి నుంచి వానలు పడేదాకా 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్. వానాకాలంలో పైన మాత్రం 200 మైక్రాన్ల యూవీ షీటు, పక్కలు తెరిచే ఉంటాయి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో పక్కలు కూడా దించుతాం. పక్కలకు ఏడాది పొడవునా 40 మెష్ పురుగుల నెట్ ఉంటుంది. ఇది మాత్రం మానకండి. ఆకు మీద కొట్టిన ఏ పురుగుమందైనా చివరికి చేరేది చేపల దగ్గరికే. వేపనూనె కూడా చేపలకు మంచిది కాదు.

ఏ చేప?

రవ్వ, బొచ్చె చెరువు చేపలు. వెయ్యి లీటర్ల ట్యాంకులో వాటిని పెంచాలనుకోవద్దు. ప్రపంచమంతటా ఆక్వాపోనిక్స్‌లో ఎక్కువగా పెంచేది తిలాపియాను. అది గట్టి చేప, ఏ మేతైనా తింటుంది. దాన్ని పెంచాలంటే మత్స్యశాఖ అనుమతి తీసుకుని, అన్నీ మగవే ఉండే చేప పిల్లను తెచ్చుకోవాలి. కృష్ణా జిల్లా మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం గిఫ్ట్ అనే మెరుగుపరిచిన తిలాపియా రకం మీద పనిచేస్తోంది. కానీ తిలాపియా నీళ్లలోని ఆక్సిజన్ మీదే బతుకుతుంది. బుడగలు ఆగి, నీళ్లు వేడిగా ఉండి, ట్యాంకు నిండా చేపలుంటే గంటా రెండు గంటల్లో పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

కొరమీను అలా కాదు. అది పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే, సంతలో ధర పలికేదీ అదే. మేతలో మాంసకృత్తులు ఎక్కువ కావాలి కాబట్టి ఖర్చు పెరుగుతుంది. గుళికల మేతకు అలవాటు పడ్డ పిల్లనే కొనాలి, లేకపోతే ఆకలితో ఒకదాన్నొకటి తింటాయి. సైజులవారీగా వేరు చేయకపోయినా అంతే. ట్యాంకు మీద వల గట్టిగా కట్టాలి. మొదటి నెలలో రెండు చేపలు దూకి నేల మీద ఎండిపోయి కనిపించాయి, చాలా బాధేసింది. ఇన్ని ఉన్నా నేను కొరమీనే ఎంచుకున్నాను. ఆ మే సాయంత్రం అది బతికే ఉంటుంది.

మార్పు (మన నాటు క్యాట్‌ఫిష్) పిల్ల అని చెప్పి ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంటగట్టబోతే తీసుకోకండి. దాని పెంపకం మన దేశంలో నిషేధం.

చేపల సంఖ్యను మేత లెక్కతో తేల్చుకోవాలి. ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత సరిపోతుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) చెబుతుంది. నాలుగు చదరపు మీటర్లకు 200 గ్రాములు. ఎదిగిన చేప రోజుకు తన బరువులో రెండు శాతం లోపు తింటుంది. అంటే 10, 12 కిలోల చేపలు చాలు, అరకిలోవి పాతిక. చేపల వ్యాపారం చేద్దామని వచ్చేవాళ్లు ఈ అంకె చూసి నిరాశపడతారు. కానీ ఇంటికి రోజూ కూర ఇచ్చేది కంకర తొట్టే. చేపల కూర పండగలకు.

కరెంటు ఖర్చు పెద్దదేం కాదు. పంపు, గాలి పంపు కలిపి 60 వాట్లు అనుకుంటే నెలకు 43 యూనిట్లు. గాలి పంపు ఒక్కదానికైనా బ్యాటరీ పెట్టండి, కొరమీను ఉన్నా సరే. బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. బోరు నీళ్ల పీహెచ్ 8 దాటితే వాన నీళ్లు కలుపుకోండి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషంగా మారే అమ్మోనియా వాటా సుమారు పదింతలవుతుంది, పైగా ఇనుము అందక లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు సరైన సమయం జూన్. కంకర కడిగి, తొట్టి నింపి, నీళ్లు తిప్పుతూ చిటికెడు చిటికెడు మేత వేస్తూ ఉండండి. చేపలు ఇంకా వద్దు. ఆ మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది, బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అక్వేరియం దుకాణంలో దొరికే కిట్‌తో పరీక్షిస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిన రోజున పిల్లను వదలండి. అప్పటికి ఆగస్టు వస్తుంది. మొదటి గోంగూర దసరాకు కోసుకోవచ్చు, వచ్చే మే నాటికి తొట్టి తొమ్మిది నెలల వయసుతో ముదిరి ఉంటుంది.