టోనికానా, ఉరాల్ 650నా: ఏది మేలు?

సోవియట్ కాలపు ఎలక్ట్రిక్ గిటార్ కొనాలని వెతికితే ముందుగా కనిపించే పేర్లు రెండు: టోనికా, ఉరాల్ 650. వాయించడానికైతే ఉరాల్ తీసుకోమంటాను. నా మనసు మాత్రం టోనికా మీదే ఉంది.

టోనికా 1960ల చివర్లో లెనిన్‌గ్రాడ్‌లోని లునాచార్‌స్కీ ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ దేశంలో పెద్ద ఎత్తున తయారైన మొదటి సాలిడ్ బాడీ (లోపల డొల్ల లేని, గట్టి చెక్క) గిటార్ అదే. దాని బాడీకి పైన నెక్‌కి రెండు పక్కలా పొడుచుకొచ్చే కొమ్ములు ఒకలా ఉండవు, అంచులు వంపులు తిరిగి ఉంటాయి. అమెరికన్ కంపెనీలైన ఫెండర్ గిటార్‌నో గిబ్సన్ గిటార్‌నో చూసి గీసిన బొమ్మలా అస్సలు అనిపించదు. అందుకే నాకు అంత ఇష్టం. కానీ నెక్, అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి కర్ర, బాగా లావు. ఒక్క వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డులు పట్టి రెండు పాటలు వాయించేసరికి బొటనవేలు లాగేస్తుంది.

ఉరాల్‌ది స్వెర్డ్‌లోవ్‌స్క్, అంటే నేటి యెకాటెరిన్‌బర్గ్. అది పియానోలు చేసే ఫ్యాక్టరీ, అంతకుముందు టోనికాలు కూడా చేసింది. దీని నెక్ కూడా సన్నదేమీ కాదు. బరువు ఎక్కువ, నిలబడి వాయిస్తే భుజం నొప్పి పుడుతుంది. అయితే తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు ఉండటంతో రకరకాల టోన్లు దొరుకుతాయి. డిస్టార్షన్ లేకుండా వాయిస్తే గంటలా మోగే ఆ పదునైన శబ్దం నాకు చాలా నచ్చుతుంది.

రెండింటికీ ఉన్న అసలు చిక్కు సాకెట్. మామూలు గిటార్ జాక్ బదులు పాత టేప్‌రికార్డర్ల వెనక ఉండే ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. సోవియట్ ఆడియో సామాన్లన్నిటికీ అదే వాడేవారు మరి. ఇప్పటి కేబుల్ అందులో పట్టదు. దయచేసి బాడీకి కొత్త రంధ్రం పెట్టించకండి. సిగ్నల్ ఏ పిన్నులో వస్తోందో మల్టీమీటర్‌తో చూసి ఒక అడాప్టర్ సోల్డరింగ్ చేయించుకుంటే చాలు, గిటార్ పుట్టినట్టే ఉంటుంది.

ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్టు) లాంటివి లోపలే ఉన్న ఫార్మాంటా అనే మరో సోవియట్ గిటార్ కూడా ఉంది.  లోపలి సర్క్యూట్ పనిచేస్తోందని చెవులతో విన్నాకే డబ్బివ్వండి.

రష్యన్ వాద్యకారులు నాసిరకం గిటార్లను 'ద్రొవా' అంటారు, అంటే కట్టెలు. వీటినీ ఆ గాటనే కట్టేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. తీగల ఎత్తు సరిచేసి, ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) సాపు చేయిస్తే చాలావాటికి ప్రాణం వస్తుంది. నెక్ మెలి తిరిగిందా అన్నదే ముందు చూడాలి. హెడ్ వైపు నుంచి ఒక కన్ను మూసి బారుగా చూస్తే తెలిసిపోతుంది. ఆ పరీక్షలో టోనికా నెగ్గితే మాత్రం, పక్కన ఉరాల్ ఉన్నా నేను టోనికానే ఇంటికి తెచ్చుకుంటాను.