సెస్నా 172ఎస్‌లో స్టీప్ టర్న్స్: విమానానికి మంచి మార్కులే, స్క్రీన్‌తోనే పేచీ

పైలట్ ట్రైనింగ్‌లో స్టీప్ టర్న్స్, అంటే విమానాన్ని బాగా పక్కకి వాల్చి తిప్పే మలుపులు, నేర్చుకోవడానికి సెస్నా 172ఎస్ మంచి విమానం. 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్ కాబట్టి 45 డిగ్రీల బ్యాంక్‌లో (పక్క వాలులో) వేగం పడిపోకుండా చూసుకునేంత పవర్ ఇంకా మిగిలే ఉంటుంది. మన మే నెల మధ్యాహ్నాల్లో 110 హార్స్‌పవర్ సెస్నా 152లో ఇద్దరు కూర్చుంటే అంత వెసులుబాటు ఉండదు.

టర్న్‌లోకి 95 నాట్లతో (గంటకి 95 నాటికల్ మైళ్ళ వేగంతో) వెళ్తే సరిపోతుంది. మాన్యూవరింగ్ స్పీడ్ (కంట్రోల్ గట్టిగా కదిపినా విమానం దెబ్బతినని గరిష్ఠ వేగం) 105 నాట్లని చాలామంది బట్టీపట్టేస్తారు. అది 2550 పౌండ్ల పూర్తి బరువుకి చెప్పిన లెక్క. 2200 పౌండ్లకి 98, 1900కి 90కి దిగిపోతుంది. ఇద్దరే ఉండి ట్యాంకులు సగమే ఉన్న రోజు 105తో బ్యాంక్ చేస్తే పరిమితి దాటినట్టే. స్టాల్ (రెక్కలు లిఫ్ట్, అంటే పైకి ఎత్తే బలం, కోల్పోవడం) వైపు మాత్రం భయం లేదు. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) దించకుండా 48 నాట్ల దగ్గర స్టాలయ్యే విమానం 45 డిగ్రీల్లో సుమారు 57 దగ్గర స్టాలవుతుంది. 60 డిగ్రీలకి వెళ్తే అదే 68, పైగా ఒంటి మీద 2 జీ, అంటే రెండింతల బరువు.

30 డిగ్రీలు దాటుతుండగా యోక్ (చేత్తో పట్టుకునే కంట్రోల్ చక్రం) వెనక్కి లాగుతూ 100 నుంచి 200 ఆర్‌పీఎం పెంచాలి. యోక్ మీది భారం తగ్గించే ట్రిమ్ వీల్‌ని కొద్దిగా నోస్ అప్ (ముక్కు పైకి) తిప్పితే చేతికి హాయి. అయితే రోల్ అవుట్‌లో (రెక్కలు సమం చేసి టర్న్ ముగించేటప్పుడు) ఆ ట్రిమ్ తీయడం, లాగిన యోక్ వదలడం మర్చిపోతే విమానం ఇట్టే పైకి లేస్తుంది. అమెరికా ప్రైవేట్ పైలట్ చెక్‌రైడ్‌లో (లైసెన్స్ కోసం గాల్లో పెట్టే పరీక్షలో) ఎత్తుకి 100 అడుగులు, వేగానికి 10 నాట్లు, బ్యాంక్‌కి 5 డిగ్రీలు మాత్రమే అటూ ఇటూ ఒప్పుకుంటారు. ముగిసే హెడింగ్‌కి (దిశకి) 20 డిగ్రీల ముందే రోల్ అవుట్ మొదలుపెట్టాలి.

ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ళని ఎక్కువగా మోసం చేసేది కౌలింగ్, అంటే ముందున్న ఇంజిన్ మూత. పైలట్ విమానం మధ్యగీతకి ఎడమ పక్కన ఉంటాడు. అందుకే ఎత్తు సరిగ్గా ఉన్నా, ఎడమ టర్న్‌లో ముక్కు లేచినట్టు, కుడి టర్న్‌లో వంగినట్టు కనిపిస్తుంది. ఆ మాట నమ్మి సరిదిద్దితే ఎడమ వైపు ఎత్తు పోతుంది, కుడి వైపు పెరుగుతుంది. మధ్యగీత వదిలేసి, కళ్ళకి సూటిగా ఎదురుగా కౌలింగ్ మీద ఒక రివెట్టో స్క్రూవో ఎంచుకుని, అది హొరైజన్‌ని ఎక్కడ తాకుతోందో రెండు వైపులా అక్కడే ఉంచాలి.

ఇక పేచీ జీ1000తో, అంటే డయల్స్ బదులు ఉండే స్క్రీన్‌తో. దాని మీద ఎత్తు చూపే అంకెల పట్టీ (టేపు) పక్కన ఆరు సెకన్ల తర్వాత ఎక్కడుంటామో చూపే గులాబీ గీత నిజంగా మంచి సౌకర్యమే, కానీ కొత్తవాళ్ళు దాన్నే తరుముతూ యోక్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతారు. ఎత్తు అలల్లా మారుతుంది. ఈలోగా బ్యాంక్ 50 దాటుతుంది, ఎందుకంటే బయటి రెక్క వేగంగా తిరుగుతూ ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది. ముక్కు దిగడం మొదలవుతుంది. అప్పుడు గట్టిగా లాగితే స్పైరల్ (గుండ్రంగా తిరుగుతూ కిందకి దిగడం) ఇంకా బిగుస్తుంది. ముందు బ్యాంక్ తగ్గించాలి, ఆ తర్వాతే లాగాలి. మొదటి పాఠాల్లో స్క్రీన్ మీద చార్ట్ కప్పి, హొరైజన్ చూస్తూ తిప్పించే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఆ డబ్బు దండగ కాదు.

172 హై వింగ్ (రెక్కలు క్యాబిన్ పైన ఉండే) విమానం కాబట్టి వంగిన రెక్క మనం తిరిగే వైపునే కప్పేస్తుంది. ఈ విషయంలో రెక్కలు కింద ఉండే పైపర్ ఆర్చర్ విమానం మేలు. 172లో టర్న్‌కి ముందు రెండు వైపులా 90 డిగ్రీల క్లియరింగ్ టర్న్ (చుట్టూ వేరే విమానాలు లేవని చూసుకునే మలుపు) వదలకూడదు. నేలకి 1500 అడుగుల కంటే కిందకి రాకూడదు.

స్కూల్లో గుండ్రటి డయల్స్ ఉన్న పాత 172ఎస్ కూడా ఉంటే స్టీప్ టర్న్స్ పాఠాలకి అదే బుక్ చేయమని అడగండి. జీ1000 విమానాన్ని క్రాస్ కంట్రీకి (ఊరి నుంచి ఊరికి చేసే దూర ప్రయాణాలకి) ఉంచుకోండి.